తవిటమ్మ కుప్ప

అనగనగా, మా ముత్తవ్వకు ముత్తవ్వ ఇంకా పొత్తిళ్ళలో ఉన్నప్పుడు, కొండ కింద రెండు గెడ్డల నడుమ ఒక ఊరుండేది. ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ తడికట్టెలాగా పొగ పెడుతుంది గాని మండదు.

ఊరి పేరు రెండుగెడ్డలవలస. నలభై గడప. ఎండాకాలంలో ఆ గెడ్డలను మేకపిల్ల కూడా పొట్ట తడవకుండా దాటుతుంది. వానలు పడితే ఏనుగు కూడా దాటలేదు. రెండు నెలల పాటు ఊరు ఊరే, లోకం లోకమే. అందుకని చోళ్ళు, ఉప్పు, కట్టె, ఈ మూడూ ముందే ఊళ్ళోకి చేరాలి. చోళ్ళు గాదెలో దాచేవారు. ఉప్పు ఉట్టి మీద దాచేవారు. కట్టె ఎక్కడ దాస్తారు? గుడిసెలన్నీ కారేవే. ఊరి నడుమ మెరక మీద ఒక పెద్ద తాటాకు పాక వేసి, ఇంటికి మూడు బళ్ళ చొప్పున తెచ్చి అందులో పోసేవారు. దాన్ని వానకుప్ప అనేవారు. వానలు మొదలయ్యాక ప్రతి ఇల్లూ మూడు రోజులకొక మోపు అందులోంచి పట్టుకెళ్ళేది.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ఊళ్ళో వానకుప్పను పోసేవారే గాని పేర్చేవారు కాదు. పొయ్యికట్టెను పోయాలి, చితికట్టెను పేర్చాలి, అది వాళ్ళ ఆచారం. పొయ్యికట్టెను పేరిస్తే చితిని పిలిచినట్టేనని భయం. ఎవరి బండి వాళ్ళు పాకలో గుమ్మరించి పోయేవారు. ఆ కుప్పలో ఎంత కట్టె ఉందో చూసి చెప్పగలిగింది ఊరు మొత్తం మీద ఒక్క మనిషే. ఆమె పేరు తవిటమ్మ.

తవిటమ్మ కట్టెలమ్ముకునే మనిషి. తనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోది పుట్టగానే తల్లి దాన్ని చేటలో పెట్టి, పొరుగింటావిడకు ఇచ్చి, తవ్వెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడు ఖరీదు చేసే పిల్లను చావు మాత్రం ఏం చేసుకుంటుందని ఆశ. అందుకే తవిటమ్మ అయింది. మొగుడు చెట్టు మీంచి పడి పోయాడు. ఇరవై ఏళ్ళ కూతురు ఆదెమ్మ ఒక్కతే మిగిలింది. తల్లి ముందు, కూతురు వెనక, తలల మీద రెండు మోపులు, అలా కొండ దిగేవారు.

ఏటా తొలకరికి ముందు, కుప్ప పోయడం అయ్యాక, ఊరి పెద్ద దాలినాయుడు తవిటమ్మను పిలిపించేవాడు. ఆమె కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగేది. మూడు చోట్ల తన చేతికర్ర గుచ్చేది. మూడుసార్లు కాలితో తన్ని, చెవి ఒగ్గి వినేది. అప్పుడు ఏటా చెప్పే మాటే చెప్పేది.

"మూడు పాళ్ళ కుప్పలో రెండు పాళ్ళు కట్టె బావూ. ఒక పాలు గాలి. గాలి మండదు. గాలి తీసేసి సెప్తన్నాను, సరిపోద్ది."

తవ్వెడు చోళ్ళు ఒళ్ళో పోయించుకుని వెళ్ళిపోయేది. ఆమె చెప్పాక ఊరికి నిద్ర పట్టేది.

అలా ఎన్నో ఏళ్ళు జరిగింది. ఆ ఏడు మాత్రం అలా జరగలేదు.

ఆ ఏడు దగ్గరి కొండ బోడిదైపోయింది. తిన్నటి కట్టె కావాలంటే కొండ అవతలికి వెళ్ళాలి. పోతే పొద్దున్న, వస్తే మాపు. కొండ మొదట్లో వంకర తుమ్మకొమ్మలూ రేగుమోళ్ళూ కావలసినన్ని ఉన్నాయి. వంకరకట్టెతో బండి ఇట్టే నిండుతుంది. నాలుగు కొమ్మలు వేస్తే నలభై వేసినట్టుంటుంది. ఒకాయన అనుకున్నాడు, అందరూ తిన్నటి కట్టె తెస్తారు కదా, నా ఒక్కడి బండి వంకరదైతే ఊరు మునిగిపోతుందా అని. రెండో ఆయనా అదే అనుకున్నాడు. మూడో ఆయనా అదే అనుకున్నాడు. ఎవరెవరని పేర్లు చెప్పను, ఎందుకంటే మా ఇంటి బండి కూడా అందులో ఉంది. అనుకోనిది తవిటమ్మ ఒక్కతే, ఆమెకు బండి లేదు కాబట్టి.

కుప్ప లేచింది చూడండి. అంతటి కుప్ప ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. మనిషి మీద మనిషి నిలబడినా అవతలివైపు కనిపించదు. దాలినాయుడు మీసం మీద చెయ్యేసుకుని తవిటమ్మకు కబురు పెట్టాడు. ఊరంతా చూడ్డానికి వచ్చింది.

తవిటమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూడు చోట్ల కర్ర గుచ్చింది. కర్ర పిడిదాకా దిగిపోయింది. మూడుసార్లు తన్ని చెవి ఒగ్గింది. లోపల ఎండుకొమ్మలు గలగలమన్నాయి. ఆమె ముఖం మాడిపోయింది.

"ఏటే తవిటీ, సరిపోద్దా?" అన్నాడు నాయుడు.

"ఇది రెండు నెల్ల కుప్ప కాదు బావూ."

"మరేటి, నాలుగు నెల్లదా?"

"నెలన్నరది. ఆ మీద ఒక్క పూటకి కూడా నేదు. వంకరకట్టె బావూ, మూడు పాళ్ళలో రెండు పాళ్ళు గాలే."

"నీకు కళ్ళు గాని పోనాయేటి? ఇంత కుప్ప అవుపడ్నేదా?"

"కుప్ప కంటికి అవుపడతాది. కట్టె మెడకి తెలుస్తాది. నాను మెడతో మోసినదాన్ని. ఒక్కపాలి పేర్చి సూడండి. నాను సెప్పింది అబద్ధమైతే నా నోట మట్టి కొట్టండి. వానకింకా పది రోజులున్నాది. ఇంటికో బండి కొండ అవతలికి ఎల్తే సాలు."

పేర్చి చూడండి అనేసరికి ఊరి తలలన్నీ నేలకు దిగాయి. పేరిస్తే ఎవరి బండిలో ఏముందో బయటపడుతుంది. ఎవడి దొంగతనం వాడికే తెలుసు, పక్కవాడిది తెలియదు. తన ఒక్కడి పరువే పోతుందని ప్రతివాడూ వణికాడు. నాయుడి బళ్ళు మూడూ వంకరవే. ఆయన ఆచారం ఎత్తుకున్నాడు.

"వానకుప్పని పేర్సమంటావా? సితి పేర్సమంటావా? ఊరికి అరిష్టం కోరుతున్నావే నువ్వు?"

"అవునవును, అరిష్టం" అన్నారు నలభై గడపల వాళ్ళూ. ఆచారం ఎంత బాగా అక్కరకొచ్చిందో చూశారా! తప్పు చేసినవాడికి ఆచారం కంటే మంచి దుప్పటి లేదు. ఆ ఏడు తవిటమ్మకు చోళ్ళు పోయలేదు. పాక దగ్గరికి రావద్దన్నారు.

ఆ పది రోజులూ తల్లీ కూతుళ్ళు కొండ అవతలికి పోయారు. వెళ్ళిన ప్రతిసారీ తిన్నటి కట్టె తెచ్చారు. తెచ్చిన ప్రతి మోపూ వానకుప్ప మీదే వేశారు.

"మనల్ని రావద్దన్నారు కదమ్మా, మన ఇంట్లో ఏసుకుందాం" అంది ఆదెమ్మ.

"మన పొయ్యొక్కటీ ఎలిగితే ఏటి లాభమే అమ్మీ" అంది తల్లి.

పదో రోజున వాన దిగింది. రెండు గెడ్డలూ ఒడ్డులు ఒరుసుకుని ఎర్రగా పారాయి. ఊరు ఊరే, లోకం లోకమే అయింది.

పదిహేను రోజులు గడిచాయి. గెడ్డ నీళ్ళు ఊరబావిలోకి దిగాయి. ఊళ్ళోకి గత్తర వచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని, పొద్దున్న నాగలి పట్టిన మనిషి మాపటికి లేకుండా పోయేవాడు. మొదటి రోజు ఒకరు పోయారు. రెండో రోజు ఇద్దరు. మూడో రోజు ముగ్గురు.

దాలినాయుడి తల్లి అప్పాయమ్మ పండుముసలి. చిన్నతనంలో ఒక గత్తరను చూసిన మనిషి. మంచం మీంచే చెప్పింది. "కాసిన నీళ్ళు తాగిన కొంపలు బతికాయిరా. పచ్చినీళ్ళు ముట్టకండి. పసిపిల్లలకి కూడా కాసిన నీళ్ళే పట్టండి."

మరి నీళ్ళు కాచాలన్నా కట్టె కావాలి. చచ్చినవాళ్ళను కాల్చాలన్నా కట్టె కావాలి. ఆ ఊళ్ళో ఎవరు పోయినా నిప్పుకే ఇచ్చేవారు. మట్టిలో పెడితే ఆ ప్రాణి ఏటా వానలో తడుస్తూ, చలికి వణుకుతూ ఇంటి చూరు కింద నిలబడుతుందని వాళ్ళ నమ్మకం. ఎండల్లో ఒక చితికి పది మోపులు చాలు. వానలో పదిహేను కావాలి.

అప్పుడు నాయుడికి తవిటమ్మ గుర్తొచ్చింది. రమ్మని కబురు పెట్టాడు. ఆమె వచ్చి, చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూడు చోట్ల కర్ర గుచ్చింది. మూడుసార్లు తన్ని చెవి ఒగ్గింది.

"సెప్పు" అన్నాడు నాయుడు. ఈసారి మీసం మీద చెయ్యి లేదు.

"కుప్ప ఇంకా మీ తలంత ఎత్తుంది బావూ. అది సూసి మురవకండి. నలభై పొయ్యిలు ఆర్పీసి, ఊరందరికీ ఒక్క పొయ్యి పెట్టి నీళ్ళూ గంజీ కాస్తే, గెడ్డ తగ్గిందాకా వొస్తాది. సితులకైతే పదిహేనింటికి వొస్తాది. రెండింటికీ రాదు. గాలి తీసేసి సెప్తన్నాను."

జనానికి కోపాలు వచ్చాయి.

"మా సితులు లెక్కేస్తన్నాది సూడండి!"

"దీని నోరు పడే గత్తరొచ్చింది!"

ఎవరో రాయి విసిరారు. నుదురు చిట్లింది. తవిటమ్మ కొంగు అదుముకుని, "ఇంకోపాలి సూడమన్నా ఇదే సెప్తాను" అని ఇంటికి పోయింది.

ఆ మర్నాడే అప్పాయమ్మ పోయింది. తల్లిని మట్టిలో పెట్టడానికి నాయుడికి చేతులు రాలేదు. పదిహేను మోపులు తీయించి చితి పేర్పించాడు. ఆయన్ని తప్పు పట్టను, తల్లి కదా. కానీ నాయుడి తల్లికి పదిహేను మోపులైతే మా నాన్నకు తక్కువా అని ఒకడు. మా పెద్దాయన వానలో వణకాలా అని ఇంకొకడు. ఏడుస్తూ వచ్చేవారు, పదిహేను మోపులు తీసుకుపోయేవారు. తలెత్తు కుప్ప రొమ్ముదాకా దిగింది. రొమ్ము దాటి నడుందాకా దిగింది. నీళ్ళు కాచుకునే ఇళ్ళు మూడిట ఒకటి కూడా లేవు. కట్టె తక్కువైనకొద్దీ పచ్చినీళ్ళు తాగారు, పచ్చినీళ్ళు తాగినకొద్దీ చచ్చారు, చచ్చినకొద్దీ కట్టె తక్కువైంది. తల్లుల్లారా, మనిషి తన మంచం కింద తనే మంట పెట్టుకోవడమంటే ఇదే.

అప్పుడు ఆదెమ్మకు వచ్చింది.

పొద్దున్న పడింది. తవిటమ్మ గంజి పట్టింది, ఉప్పునీళ్ళు పట్టింది, అరికాళ్ళు రాసింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆదెమ్మ కళ్ళు లోపలికి పోయాయి.

"అమ్మా, నన్ను మట్టిలో ఎట్టకే. నాకు సలంటే బయ్యం" అంది.

తల్లి అవునని అనలేకపోయింది, కాదనీ అనలేకపోయింది. కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎప్పుడు చల్లబడ్డాయో ఆమె చేతులకు తెలిసింది.

ఊరివాళ్ళు వచ్చారు. రాయి విసిరినవాడూ వచ్చాడు. చచ్చినవారి మీద పగ ఉండకూడదు కదా. నాయుడు మెల్లిగా అన్నాడు. "తవిటమ్మా, పదిహేను మోపులు తీయిస్తాను. నీ గుంట ఆదెమ్మ మోసిన కట్టె కూడా అందులో ఉన్నాది."

"వొద్దు బావూ."

"ఏటి వొద్దు?"

"నా గుంటకి కట్టె వొద్దు. గునపం ఇప్పించండి."

ఎవరూ కదల్లేదు. ఆమే లేచి గునపం తెచ్చుకుంది. వానకుప్ప పాక పక్కన, ఆ మెరక మీదే తవ్వడం మొదలుపెట్టింది. వాన పడుతోంది. గోతిలోకి నీళ్ళు దిగుతుంటే చేతులతో తోడి పోసింది, మళ్ళీ తవ్వింది. తన పాతకోక కూతురికి చుట్టింది. రెండో కోక చుట్టింది. కట్టుకున్నది తప్ప మూడో కోక ఆమెకు లేదు. మోపు కింద తలకు పెట్టుకునే గుడ్డచుట్ట తీసి కూతురి తల కింద పెట్టింది. మట్టి కప్పింది. "సలేస్తే నన్ను తిట్టుకో అమ్మీ, ఊరిని తిట్టకు" అంది.

తర్వాత ఆ మట్టిచేతులతోనే కర్ర పట్టుకుంది. కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూడు చోట్ల గుచ్చింది. మూడుసార్లు తన్ని చెవి ఒగ్గింది. ఊరి వైపు తిరిగింది.

"ఆదెమ్మవి పదిహేను మోపులు కుప్పలోనే ఉన్నాయి. ఊరందరికీ ఒక్క పొయ్యైతే రోజుకి ఐదు మోపులు. నా గుంట మీకు మూడు రోజులిచ్చింది. తాగండి."

మర్నాడు రాయి విసిరినవాడి కొడుకు పోయాడు. ఏడేళ్ళవాడు. ఆ తండ్రి పాక దాకా వచ్చాడు. కట్టె వంక చూశాడు. ఆదెమ్మ మట్టి వంక చూశాడు. వెనక్కి తిరిగి, "తవిటమ్మప్పా, గునపం ఒకపాలి ఇయ్యి" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో చితి లేవలేదు.

దాలినాయుడు పంచె ఎగ్గట్టుకుని పాకలోకి దిగాడు. కుప్పను తన చేతులతో పేర్చడం మొదలుపెట్టాడు. ఒక్కో వంకరకొమ్మ తీస్తుంటే, ఇది నాది, ఇది నాది అని ఒక్కొక్కరే ముందుకొచ్చి ఒప్పుకున్నారు. తుమ్మముళ్ళు గుచ్చుకుంటున్నా ఎవరూ చేతులు వెనక్కి తీయలేదు. నడుమెత్తు కుప్ప పేర్చాక మోకాలెత్తు అయింది. మోపులు కట్టి చూస్తే, చితులకు పోయినవి పోగా, తవిటమ్మ చెప్పిన లెక్కకు ఒక్క మోపు తేడా రాలేదు.

నలభై పొయ్యిలు ఆర్పారు. పాక ముందు ఒకటే పొయ్యి పెట్టారు. తవిటమ్మ దాని దగ్గర కూచుంది. ఎన్ని కట్టెలు పెట్టాలో, ఎప్పుడు లాగాలో ఆమే చెప్పేది. కాచిన నీళ్ళు కుండలతో ఇంటింటికీ వెళ్ళేవి. పొత్తిళ్ళలో ఉన్న మా ముత్తవ్వకు ముత్తవ్వకు గుడ్డపీలిక ముంచి ఆ నీళ్ళే పట్టారట.

గత్తర సన్నగిల్లింది. కట్టె కూడా సన్నగిల్లింది. గెడ్డ తగ్గకముందే పేర్చిన కట్టె అయిపోతుందని తవిటమ్మ చెప్పింది. ఈసారి ఎవరూ కాదనలేదు. నాయుడు తన బండి విరిచి తెచ్చాడు. వంకరకట్టె మోసిన ఆ బండి తిన్నగానే మండింది. తర్వాత మిగతా బళ్ళు వచ్చాయి. బళ్ళయ్యాక తలుపులు, తలుపులయ్యాక కాడీ మేడీ వచ్చాయి. వచ్చే ఏడు దున్నేదెట్లా అని ఎవరూ అడగలేదు.

ఒక రోజు పొద్దున్నే ఒక మేక గెడ్డలో దిగింది, ఈదకుండా నడిచి దాటింది. జనం కేకలు వేసుకుంటూ పొయ్యి దగ్గరికి పరుగెత్తారు, తవిటమ్మకు చెబుదామని. ఆమె పొయ్యి ముందే, కర్రకు ఆనుకుని కూచుని ఉంది. పిలిస్తే పలకలేదు. గత్తర కాదు. తినాల్సిందంతా ఇతరులకు పెట్టి, వానలో కూచుని కూచుని, ఒళ్ళు ఒట్టిపోయింది. పక్కన మూడు కట్టెలు మిగిలి ఉన్నాయి. సరిగ్గా మూడే. బళ్ళూ తలుపులూ కలుపుకుని, ఆమె మొదట అన్నట్టే గెడ్డ తగ్గిందాకా వచ్చింది.

ఆమెను కాల్చాలని ఊరంతా ఏడ్చింది. కాల్చడానికి ఊళ్ళో కట్టె లేదు. బండి లేదు, తలుపు లేదు. కొండ మీది పచ్చికట్టె నీళ్ళోడుతోంది. ఆదెమ్మ పక్కనే మట్టిలో పెట్టారు. తల్లీ కూతుళ్ళిద్దరూ చలికి వణుకుతారని తలుచుకుని, ఆ మూడు కట్టెలూ తెచ్చి మట్టి మీద వేశారు. పేర్చలేదు. పొయ్యికట్టెలాగే వేశారు. చితి కాదమ్మా, చలి కాచుకోండి అన్నారు.

ఇదంతా ఎప్పటి మాటో. గెడ్డల మీద వంతెనలు పడ్డాయి. ఇప్పటికీ ఆ ఊళ్ళో తొలకరికి ముందు కట్టె కొట్టినవాళ్ళు, అందులో అన్నిటికంటే తిన్నటి కట్టె ఏరి, మొదట దాన్ని తీసుకెళ్ళి ఆ మెరక మీద వేస్తారు. ఆ తర్వాతే ఇంటికి తెచ్చుకుంటారు. తెచ్చిన కట్టెను పేరుస్తారు. పేర్చకుండా పోసిన ఇంటివాళ్ళను, ఏం దాస్తున్నారమ్మా లోపల అని ఇరుగుపొరుగు అడుగుతారు. ఎవడైనా గొప్పలు పోతే, గాలి తీసి చెప్పరా అంటారు. పసిపిల్లలకు మొదటిసారి కాచిన నీళ్ళు పట్టేటప్పుడు మూడు చుక్కలు నేల మీద వదిలి, తాగవే ఆదెమ్మా అంటారు.

మెరక మీద కట్టె అలా పెరిగి పెద్ద కుప్ప అయింది. అడుగున చెదలు తినేస్తుంటాయి, పైన కొత్తది పడుతూ ఉంటుంది. ఎంత చలేసినా అందులోంచి పుల్ల కూడా ఎవరూ తీయరు. దాన్ని పేర్చరు, కొలవరు. దారిన పోయే పరాయివాళ్ళు చూసి, అబ్బో, ఎంత కట్టె ఉంటుందండీ ఇందులో అని అడుగుతుంటారు.

"మాకు తెలీదు బావూ" అంటారు ఊరివాళ్ళు. "సెప్పగలిగిన మనిషి దాని కిందే ఉన్నాది."